సొరుగులో తొమ్మిది రోజులు

పోలీసు ట్రైనింగ్ సెంటర్, మూడో బ్యారక్,
హైదరాబాద్ శివారు.
ఫిబ్రవరి 24, సోమవారం.

బావా,

ఈ ఉత్తరం దుకాణం చిరునామాకు రాస్తున్నాను, ఇంటికి కాదు. అత్తమ్మ చేతికి పోవద్దు. హనుమాన్లు సేటు ముందర కూడా విప్పకు. పసుపు బస్తాల వెనక్కి పోయి ఒక్కడివే చదువుకో.

నేను నెల తప్పాను.

నిన్న ఆదివారం సరుకులు కొనుక్కోవడానికి మమ్మల్ని రెండు గంటలు బయటికి వదిలారు. నా పక్క మంచం పద్మలత లేదూ, సిరికొండ పిల్ల, అదే మందుల షాపుకు పోయి కిట్టు తెచ్చిపెట్టింది. మెడలో పుస్తెలున్న నాకు అడగడానికి సిగ్గేసింది, పెళ్లికాని అది మాత్రం దబాయించి మరీ తెచ్చింది. సబ్బు డబ్బాలో దాచుకుని బాత్రూంకు పోయాను. బయట ఆరుగురు "అయిందా లేదానే" అని తలుపు బాదుతున్నారు. రెండు గీతలు వచ్చాయి. ఆ వెంటనే విజిల్ వేశారు, పోయి వరుసలో నిలబడ్డాను.

జనవరి ఆఖరులో మూడు రోజుల లీవుకు వచ్చాను చూడు, అప్పటిదే. నేను జాగ్రత్త అంటే "ఏం కాదులేవే" అన్నావు. సరేలే అని నేనూ ఊరుకున్నాను. తప్పు ఇద్దరిదీ, మోసేది మాత్రం నేనొక్కదాన్నే.

ఇక్కడి రూలు నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. ఏప్రిల్ ఒకటిన అందరికీ మెడికల్ పరీక్ష. కడుపుతో ఉన్నట్టు తేలితే ఇంటికి పంపించి, తర్వాతి బ్యాచ్‌లో చేరమంటారు. ఉద్యోగం పోదు. కానీ మా ముందు బ్యాచ్‌కూ మాకూ మధ్య నాలుగేళ్లు పట్టింది. ఐదేళ్లు కాలేజీ గ్రౌండులో చీకటితో లేచి పరుగెత్తాను, ఒకసారి మార్కున్నరలో ఉద్యోగం పోయింది, రెండోసారికి వచ్చింది. ఇదంతా నీకు తెలుసు. గడియారం పట్టుకుని గీత దగ్గర నిలబడింది నువ్వే కదా.

నాకు ఇప్పుడు వద్దనిపిస్తోంది. ఇంకా ఖాయం చేసుకోలేదు. పద్మలత చిన్నమ్మ ఇక్కడ సర్కారు ప్రసూతి దవాఖానలో నర్సు. తొమ్మిది వారాలలోపు అయితే మాత్రలతో అయిపోతుందని చెప్పిందట. లెక్క వేసుకున్నాను, మార్చి 22తో తొమ్మిది వారాలు నిండుతాయి.

ఆదివారం ఒక్కరోజే ఫోనులు ఇస్తారు, చుట్టూ పదిమంది ఉంటారు. అక్కడ అత్తమ్మ స్పీకర్ పెట్టమంటుంది. అందుకే ఫోనులో ఏమీ అనకు. ఉత్తరం రాయి. ఏమనుకుంటున్నావో ఉన్నదున్నట్టు రాయి. ఈ ఒక్క విషయంలో నాకు ఆలస్యం చేయకు బావా, దండం పెడతా.

నీ
త్రివేణి


హనుమాన్లు సేటు కమీషన్ దుకాణం,
ఆర్మూర్.
మార్చి 8, శనివారం.

ప్రియమైన త్రివేణికి నీ బావ గంగాకిషన్ రాయునది.

ఇక్కడ అమ్మ, నేను క్షేమము. నీ ఉత్తరము నిన్ననే అందినది. పోస్టులో ఆలస్యమైనట్టున్నది. విషయము తెలిసి సంతోషము, విచారము రెండూ కలిగినవి.

నీ ఇష్టమే నా ఇష్టము. ఇందులో రెండో మాట లేదు. అయితే పెద్ద విషయము కాబట్టి తొందర పనికిరాదని నా మనవి. దొంకేశ్వర్ లచ్చన్న సంగతి నీకు చెప్పి ఉంటాను. మొన్నొక ఏడు అందరూ కల్లంలో నుంచే పసుపు తెచ్చి వచ్చిన రేటుకు అమ్మేసుకున్నారు. లచ్చన్న మాత్రము బస్తాలు ఇంట్లో పెట్టి తాళము వేసినాడు. భార్య తిట్టింది, కొడుకు అలిగినాడు, అయినా కదలలేదు. తర్వాత రేటు రెండింతలైంది. అమ్ముకున్నవాళ్లు చేతులు పిసుక్కున్నారు. పసుపు చెడిపోయే సరుకు కాదు. ఈ బజారులో పదేళ్లుగా నేను చూసింది ఒక్కటే, ఆగినవాడు చెడిపోలేదు.

ఉగాదికి ఎలాగూ వస్తావు. ఇంకా మూడు వారాలే కదా. కూర్చుని నిదానముగా మాట్లాడుకుందాము. ఉద్యోగము పోదని నువ్వే రాసినావు. తర్వాతి బ్యాచ్ ఆలస్యమైనా వస్తుంది. అప్పటిదాకా పరుగులు, గోడలు దూకడాలు తగ్గించు. వేళకు తిను. మిగతా అన్నీ ఉగాదికి.

ఇట్లు
గంగాకిషన్


ట్రైనింగ్ సెంటర్, మూడో బ్యారక్.
మార్చి 12, బుధవారం.

బావా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి ఒళ్లు మండింది. మూడోసారి భయమేసింది.

ఇది భార్యకు మొగుడు రాసిందా, రైతుకు గుమాస్తా రాసిందా? నా మనవి, ఇట్లు, సంతోషము, విచారము! లచ్చన్న పసుపు ఆగుతుంది బావా. ఎన్నేళ్లయినా బస్తాలో నోరు మూసుకుని పడి ఉంటుంది. ఇది ఆగదు. ఇవాళ్టికి ఏడు వారాల నాలుగు రోజులు. ఇరవై రెండు దాటితే మాత్రలతో అయ్యే పని కాదు, దవాఖానలో చేర్చుకోవాలి, ఎక్కువ రోజుల లీవు కావాలి, ఎందుకని అడుగుతారు. ఆ తర్వాత ఒకటో తారీకు పరీక్ష ఉండనే ఉంది. నేను ఇదంతా మొదటి ఉత్తరంలోనే రాశాను. ఉగాది ముప్పయ్యో తారీకు. నువ్వు క్యాలెండర్ చూడకుండా రాశావా, చూసే రాశావా?

మొన్న ఆదివారం నేనొక్కదాన్నే బయట ఒక క్లినిక్‌కు పోయాను. సర్కారు దవాఖానలో ఆదివారం చూడరు. కౌంటర్ దగ్గరామె నన్ను పైనుంచి కిందికి చూసి "మీ ఆయన సంతకం కావాలె, ఆయనను తోలుకొని రా" అంది. ఊళ్లో లేడంటే "గయితే పని గాదు" అని మొహం తిప్పుకుంది. క్లాసులో సెక్షన్లు నోటికి అప్పజెప్పేదాన్ని, తలొంచుకుని వచ్చాను. సిగ్గుతో కాదు, కోపంతో. వచ్చి లైబ్రరీలో చట్టం తీసి చదివాను. పద్దెనిమిదేళ్లు నిండిన ఆడదానికి తన సంతకం ఒక్కటే చాలు. మొగుడి సంతకం ఎవరూ అడగకూడదు.

కాబట్టి నాకు నీ సంతకం వద్దు. నువ్వు కావాలి. తేడా తెలుస్తోందా?

నిన్న పరుగులో ఆఖరున వచ్చాను. గ్రౌండు పక్కన కక్కుకున్నాను. మాకు డ్రిల్లు నేర్పే ఉస్తాద్ మేడమ్ దగ్గరికి వచ్చి "నీకేమైంది త్రివేణీ? మొదటి వరుసల ఉరికేదానివి" అంది. ఎండ దెబ్బ అన్నాను. ఇంకోసారి నమ్మదు.

రెండు ప్రశ్నలు. ఆదివారం ఫోనులో అత్తమ్మ "చింతకాయ తొక్కు పంపాల్నా బిడ్డా, నోటికి పుల్లగ కావాల్నా" అని అడిగింది. నేను వచ్చి నాలుగు నెలలైంది, ఎన్నడూ అడగలేదు. ఇప్పుడెందుకు అడిగింది? ఇంకోటి. నా ఉత్తరం నిజంగా ఏడో తారీకునే నీకు అందిందా?

గుమాస్తాలాగా రాయకు. నాతో ఎట్లా మాట్లాడతావో అట్లా రాయి. లేకపోతే రాయకు.

త్రివేణి


ఆర్మూర్.
మార్చి 14, శుక్రవారం.

త్రివేణీ,

మాట్లాడినట్టే రాస్తున్న.

నీ ఉత్తరం ఏడో తారీకు రాలే. ఫిబ్రవరి ఇరవై ఏడునే వచ్చింది. సంతకం జేసి నేనే తీసుకున్న. నువ్వు చెప్పినట్టే బస్తాల ఎనుకకు పోయి చదివిన. చదివి మడత పెట్టి, దుకాణంల నా సొరుగుల పెట్టి తాళమేసిన. తొమ్మిది రోజులు గా సొరుగులనే ఉన్నది.

రోజు పొద్దుగాల సొరుగు తీస్తుంటి, చూస్తుంటి, మూస్తుంటి. జవాబు రాయకుంటే దినాలు వాటంతట అవే గడిచిపోతయి అనుకున్న. ఇరవై రెండు దాటినంక నువ్వే సప్పుడు చెయ్యక ఉంచుకుంటవు అనుకున్న. నేను నీతోని కొట్లాడినట్టు ఉండది, నువ్వు నా మాట కొట్టేసినట్టు ఉండది. గంతే నా తెలివి. క్యాలెండర్ ముందట పెట్టుకొనే రాసిన. గా లచ్చన్న కథ ఉత్తగ రాయలే.

ఇంకొకటి చెప్పాలె. గా ఇరవై ఏడు నాడే అమ్మకు చెప్పిన. నోట్ల నుంచి జారిందని రాయొచ్చు, కని జారలే. చెప్పాలనే చెప్పిన. నువ్వు వద్దంటున్నవని మాత్రం చెప్పలే. అమ్మ బీడీల చాట పక్కకు పెట్టి లేచి నిలవడ్డది. గంత సంబురం నేను ఎప్పుడు చూడలే. మూడేండ్ల సంది వాడకట్టోళ్లు అడుగుతుంటే తలకాయ దించుకున్న మనిషి. ఆమె మొఖం చూసినంక నాకు నీ ఉత్తరం ఇంకా బరువైంది. తప్పు మీద తప్పు.

నిన్న మన ఆర్మూర్ సర్కారు దవాఖానకు పోయిన. నీ సంగతి అడిగి తెలుసుకొని, నేనే ఏదన్న ఇంతజాం చేద్దామని. గక్కడ నర్సు "పేషెంట్ ఏది?" అన్నది. హైదరాబాద్‌ల ఉన్నది, నేను మాట్లాడి పోదామని వచ్చిన అన్న. "మందు ఎవలకు? నీకా?" అన్నది. లైన్ల ఉన్న ఆడోళ్లంత నవ్విండ్రు. "ఆమెను తోలుకొని రా. ఆమెకేం కావాల్నో ఆమెనే చెప్తది. నువ్వు బయట కుర్చీల కూసో" అన్నది.

నవ్వితే నవ్విండ్రు గని, గా మాట నన్ను ఇడుస్తలేదు. పదేండ్ల సంది నా పని గదే. రైతు ఇంటికాడ ఉంటడు, నేను ఆయన శాంపిల్ చేతుల పట్టుకొని నా నోటితోని బేరం చేస్త. "నువ్వెట్ల చేస్తే గట్లనే కిషనన్నా" అంటరు. నువ్వు నాతోని గట్ల అనలే. నేనే అన్నవనుకున్న.

నాకు బిడ్డ కావాలని ఉన్నది. గది దాస్తే మల్ల ఇంకో అబద్ధమైతది. కని నువ్వు వద్దంటే నీ దిక్కే నిలవడ్త, ఎవలు ఏమన్నా. నన్ను తిట్టు. తిట్టినంక ఎప్పుడు రావాల్నో ఒక్క ముక్క రాయి.

కిషన్


ట్రైనింగ్ సెంటర్, మూడో బ్యారక్.
మార్చి 17, సోమవారం.

బావా,

ఫిబ్రవరి 27, పదకొండు గంటల నలభై నిమిషాలు. నా స్పీడ్ పోస్టు నీ చేతికి అందిన సమయం. తొమ్మిదో తారీకు ఆదివారమే రసీదు నంబరు కొట్టి పద్మలత ఫోనులో చూశాను. నీ ఉత్తరం నాకు చేరక ముందే నాకు తెలుసు.

తెలిసీ అడిగాను. ఒప్పుకుంటావా, ఇంకో కథ చెప్తావా చూద్దామని. ఇక్కడ మాకు దొంగను ఎట్లా మాట్లాడించాలో నేర్పుతున్నారు, మొదటి కేసు మా ఇంట్లోనే దొరుకుతుందని అనుకోలేదు. నువ్వు ఇంకో అబద్ధం రాసి ఉంటే నేనొక్కదాన్నే పోయి, పని ముగించుకుని, మళ్లీ నీ గడప తొక్కేదాన్ని కాదు. ఉట్టి మాట కాదు.

నీకు కోరిక ఉండడం తప్పని నేనను. ఉన్నదని రాశావు, మంచిది. నా ఉత్తరం దాచి, నా రోజులు దొంగిలించావు చూడు, దానికి ఏడ్చాను. పద్మలత నా మంచం మీద కూర్చుని "ఏడువకే, అందరు మేల్కొంటరు" అని నోరు మూసింది. నలభై మంది మధ్య ఏడవడానికి కూడా చోటు లేదు నాకు.

నేను నిర్ణయించుకున్నాను. ఇప్పుడు వద్దు.

రాయిలా రాస్తున్నానని అనుకోకు. మొన్న బట్టలారేస్తూ ఉన్నట్టుండి రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నిలబడిపోయాను. ముక్కు నీదే వస్తుందని అనుకున్నాను. నాకు బిడ్డలంటే ఇష్టం లేక కాదు. కానీ ఇప్పుడు కంటే, ఆ బిడ్డ నవ్వినప్పుడల్లా నాకు ఈ గ్రౌండు గుర్తొస్తుంది. ఆ కోపం పసిదాని మీద పడుతుంది. నా సంగతి నాకు తెలుసు.

పద్మలత చిన్నమ్మతో నిన్న నేనే మాట్లాడాను. శుక్రవారం, 21న, పొద్దున తొమ్మిదింటికి ఆమె దవాఖానకు రమ్మంది. తొమ్మిది వారాలకు ఒక్కరోజు ముందు. ఒంట్లో బాగాలేదని మూడు రోజుల లీవు అడిగాను, ఇచ్చారు. ఆ మూడు రోజులు వాళ్లింట్లోనే ఉండమంది. రక్తం బాగా పోతుందట, పక్కన మనిషి ఉండాలట. ఆ మనిషి నువ్వు కావాలి.

రెండు షరతులు. రాకముందే అత్తమ్మకు నువ్వే చెప్పాలి. ఆశ పెట్టింది నువ్వు, దించాల్సింది నువ్వు. "త్రివేణి వినలేదు, నేనేం చెయ్యను" అని నా మీద తోయకు. రెండోది. శుక్రవారం గేటు దగ్గర నన్ను చూశాక "ఇంకోసారి ఆలోచిద్దామా" అనకు. నువ్వు అడిగితే నేను ఆగిపోతాను. ఆగిపోయి జీవితమంతా నిన్ను తిట్టుకుంటాను. నాకు భయమేస్తోంది బావా, దవాఖాన అంటే కాదు, నీ మొహం చూస్తే మెత్తబడతానేమోనని.

రాలేకపోతే ఇప్పుడే చెప్పు. పద్మలత వస్తానంది.

త్రివేణి


ఆర్మూర్.
మార్చి 20, గురువారం.

త్రివేణీ,

గీ ఉత్తరం పోస్టుల ఏస్తలేను. రేపు గేటు కాడ నీ చేతికే ఇస్త. నోటితోని అయితే సగమే చెప్త, నా సంగతి నీకు ఎరుకే.

అమ్మకు చెప్పిన. నిన్న పొద్దుగాల బీడీలు చుడుతుంటే ఎదురుంగ కూసున్న.

"అమ్మా, త్రివేణికి ఇప్పుడు వద్దు. తీసేపిచ్చుకుంటది. నేను ఎంబడి పోతున్న" అన్న.

చేతులు ఆగినయి. "ఎవలకు వద్దు?" అన్నది.

"ఆమెకు."

"నీకు?"

"నాకు కావాలె. కని మోసేది నేను గాదు, కనేది నేను గాదు, నౌకరి ఇడిసిపెట్టేది నేను గాదు."

"నౌకరి రేపు గూడ ఉంటది రా. గిది ఉంటదా? పాపం రా కిషన్. ఇంట్లకొచ్చిన లక్ష్మిని కాలితోని తంతున్నరు మీరు."

"ఫోను తియ్యి. ఆమెతోని నేను మాట్లాడ్త" అన్నది. ఫోను అడిగితే ఇయ్యరు, ఆదివారమే అన్న. "గయితే నేనే పోత, నాకు బస్సు తెల్వదా" అన్నది. గప్పుడు నేను గట్టిగనే చెప్పిన. "పోవద్దు. ఆమెను ఒక్క మాట అనద్దు. నువ్వు తిట్టాలంటే నన్ను తిట్టు. ఆమె ఉత్తరం తొమ్మిది రోజులు దాసిపెట్టి ఆమెను ఆగం చేసిన. ఆమెకు వద్దని తెలిసి గూడ నీకు సగం చెప్పి నిన్ను ఆగం చేసిన. గిందుల ఆమె తప్పు ఒక్కటి లేదు" అన్న.

చాటల ఉన్న ఆకు, తంబాకు అంత కింద గుమ్మరిచ్చింది. లోపలికి పోయి పండుకున్నది. మాపటికి అన్నం వండలే. నేను వండిన, తినలే. ఇయ్యాల గూడ మాట్లాడ్తలేదు.

సేటు "గింత సీజన్ల ఎటు పోతవ్ రా? యార్డు నిండ మాలు ఉన్నది" అని ఎగిరిండు. "నా భార్యకు పానం బాగలేదు" అన్న. మూడు రోజులకు ఇంకొకన్ని చూసుకొమ్మన్న. ఆయన ఇంకా ఏదో అంటనే ఉన్నడు, నేను బయటికొచ్చిన.

రేపు నేను ఏం అడగ. దవాఖాన మెట్ల కాడ నువ్వు మనసు మార్చుకున్నా ఎందుకని అడగ, మార్చుకోకున్నా అడగ. గా నర్సు చెప్పినట్టు బయట కుర్చీల కూసుంట.

కిషన్


ట్రైనింగ్ సెంటర్, మూడో బ్యారక్.
ఏప్రిల్ 2, బుధవారం.

బావా,

నిన్న మెడికల్ పరీక్ష అయింది. రక్తం తక్కువుందని బలం మాత్రలు రాశారు, అంతే. ఇవాళ గ్రౌండుకు దిగాను. పరుగులో మధ్యలో ఉన్నాను, ఆఖరున కాదు.

పద్మలత చిన్నమ్మ ఇంట్లో ఉన్నప్పుడు నీతో చెప్పలేకపోయినవి రాస్తాను.

ఆ శుక్రవారం దవాఖాన లోపల డాక్టరమ్మ నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి "ఎవరైనా బలవంతం చేస్తున్నారా అమ్మా? చెయ్యమని గానీ, వద్దని గానీ?" అని అడిగింది. లేదన్నాను. అబద్ధం చెప్పలేదు. కాగితం మీద నా పేరు రాసి సంతకం చేశాను. నీ సంతకం ఎవరూ అడగలేదు. తలుపు సందులోంచి నువ్వు కనిపిస్తున్నావు. రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని, బడిలో దెబ్బలు తిన్నవాడిలా కూర్చున్నావు. పొద్దున గేటు దగ్గర ఏదో అనబోయి మింగావు, చూశాను. ఆ ఒక్క మాట నువ్వు అని ఉంటే నేను వెనక్కి తిరిగేదాన్ని. నువ్వు అనలేదు. "తిన్నవా?" అన్నావు. అప్పుడు నీ మీద కోపం సగం పోయింది. మిగతా సగం ఇంకా ఉంది, ఉండనీ.

మూడో రోజు నొప్పి తగ్గాక నాకు హాయిగా అనిపించింది. నిజం. అట్లా అనిపించినందుకు మళ్లీ ఏడుపొచ్చింది. నువ్వు నా గుడ్డలు ఉతికి, ఆ ఇంటివాళ్లు చూస్తున్నా సిగ్గుపడకుండా తీగ మీద ఆరేస్తుంటే, గోడవైపు తిరిగి ఏడ్చాను. నీకు తెలియకుండా.

ఆ మూడు రోజులు తీసుకున్నందుకు ఉగాదికి నన్ను వదల్లేదు కదా, ఆదివారం ఫోనులో "నువ్వెట్లున్నావ్ బావా" అంటే "నాకేమైంది, మస్తుగున్న" అన్నావు. గొంతు మస్తుగా లేదు. అత్తమ్మ వెనక గిన్నెల చప్పుడు వినిపించింది గానీ మాట వినిపించలేదు. ఆమె ఇంకా మాట్లాడడం లేదా? నామీద ఏమన్నా అంటోందా? దాచకుండా రాయి. నాకు మళ్లీ ఇంకో సొరుగు వద్దు.

నీ
త్రివేణి


ఆర్మూర్.
ఏప్రిల్ 6, ఆదివారం.

బిడ్డా త్రివేణీ,

మీ అత్త భాగ్యవ్వ చెప్తున్నది, వీడు రాస్తుండు. నాకు సదువు రాదని నీకు ఎరుకే. ఒక్క ముక్క మార్చినా, ఒక్క ముక్క తీసేసినా, రేపు నిన్ను అడిగి తెలుసుకొని వీని వీపు చీరేస్త అని చెప్పి కూసోవెట్టిన. నీ ఉత్తరం గూడ వీనితోనే సదివిచ్చుకున్న. సదువనన్నడు. ఒగ పూట కొట్లాడిన.

నాకు కోపం పోలే. పోతదో పోదో గూడ తెల్వది. పాపమన్న. అన్నది వాపస్ తీసుకోను, నాకు గట్లనే అనిపిచ్చింది. కని మల్ల అనను. నీ ముందట అనను, నీ ఎనుక అనను. వాడకట్టోళ్లు అడిగితే నా కోడలు పోలీసు ట్రైనింగుల ఉన్నది, మీ పని మీరు చూసుకోండ్రి అంట.

నాకు బాధ దేనికంటే, మీరిద్దరు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసుకున్నరు, నేను గీ ఇంట్ల పిచ్చిదాని లెక్క చింతకాయ తొక్కు నూరుకుంట కూసున్న. నాకెందుకు చెప్పలే బిడ్డా? ఏమన్న మింగుతనా? నీ మేనత్తను, నిన్ను సంకలెత్తుకొని తిరిగినదాన్ని. వద్దని నువ్వే నాకు చెప్పి ఉంటే కొట్లాడుదును, ఏడుద్దును, నాలుగు దినాలు అన్నం మానుదును. గంతే గద. వీని నోటితోని వినుడే నాకు కష్టమైంది.

ఇగ వీని సంగతి. నువ్వు ఎట్లున్నవని అడిగితే మస్తుగున్న అన్నడట. అబద్ధం. హైదరాబాద్ నుంచి వచ్చిన నాడు సంచి కింద పెట్టి, దొడ్లకు పోయి, నీళ్ల కుండీ కాడ కూసొని ఏడ్చిండు. వాళ్ల నాయిన పోయిన నాడు గూడ గట్ల ఏడువలే. నేను మాట్లాడొద్దని ఒట్టు పెట్టుకున్నదాన్ని, పోయి నెత్తి మీద చెయ్యి పెట్టిన. "ఆమెకు చెప్పకే అమ్మా, నా కోసం మల్ల బాధపడ్తది" అన్నడు.

రాయి రా. ఎందుకు ఆగినవ్? అన్నది అన్నట్టు రాయి.

రాయ అంటుండు బిడ్డా. కలం కింద పెట్టిండు. రాయకుంటే ఎదురింటోళ్ల పిల్లను పిలుస్త అన్న. ఇగో, మల్ల తీసిండు.

నువ్వు గోడ దిక్కు తిరిగి ఏడ్చినవట, వీడు కుండీ కాడ ఏడ్చిండు. నేను బియ్యం డబ్బా కాడ ఏడ్చిన. ముగ్గురం మూడు దిక్కుల. గిదేం కొంప? వీడు బిడ్డ కావాలని ఏడ్చిండో, నిన్ను గట్ల చూసి ఏడ్చిండో, వీనికే తెల్వదంటుండు. నువ్వు నొచ్చుకుంటవని దాసిండు. నొచ్చుకో. మొగని ఏడుపు పెండ్లానికి తెల్వకుంటే ఇంకెవలకు తెల్వాలె?

ఈసారి లీవు దొరికితే రా. నేను మొఖం మాడ్సుకొని ఉంట, నువ్వేం పట్టిచ్చుకోకు. కొట్లాడాలనిపిస్తే కొట్లాడు. నా ముందట కూసొని ఏడువాలనిపిస్తే ఏడువు, నేను ఏం అడగ.

మీ అత్త
భాగ్యవ్వ

చెప్పింది చెప్పినట్టు రాసినవాడు
కిషన్